ఫాంటసీ నవలల వార్తలు, రివ్యూలు: దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి

తమ్ముడూ, ఆదోనిలో ఉంటూ ఇంగ్లిష్ ఫాంటసీ నవలలు చదువుతున్నానన్నావు. కొత్త పుస్తకాల వార్తలు, రివ్యూలు ఎక్కడ చూడాలి, దేన్ని నమ్మాలి అని అడిగావు. నాదీ పక్కనే, అనంతపురం కాబట్టి మన ఊళ్లలో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో లెక్కలో పెట్టుకునే చెప్తా. సైట్ల పేర్లు తెలుసుకోవడం ఐదు నిమిషాల పని. ఒక వార్త ఎక్కడ పుట్టింది, ఒక రేటింగ్ ఎవరు వేస్తే వచ్చింది అని పసిగట్టడమే నేర్చుకోవాల్సిన విద్య.

ముందు వార్తల సంగతి. ఫాంటసీ పాఠకుల్లో ఎప్పుడూ తిరిగే పుకారు ఒకటుంది. ఏళ్ల తరబడి రాని సీరీస్ తర్వాతి భాగం ఉన్నట్టుండి ఒక ఆన్‌లైన్ షాపులో కనిపిస్తుంది. పేజీల సంఖ్య ఉంటుంది, ధర ఉంటుంది, విడుదల డిసెంబర్ 31 అని ఉంటుంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు. సాయంత్రానికల్లా యూట్యూబ్‌లో ‘డేట్ వచ్చేసింది’ అని వీడియో, రాత్రికి టెలిగ్రామ్ గ్రూపుల్లో అదే బొమ్మ. రెండ్రోజులు పోయాక ఆ బొమ్మ మొదట ఎక్కడిదని అడిగితే చెప్పేవాడు ఉండడు. నిజానికి ఆ తేదీని రచయిత చెప్పలేదు, పబ్లిషర్ ప్రకటించలేదు. ఒప్పందం కుదిరిన పుస్తకానికి ఐఎస్‌బీఎన్ నంబర్ (ప్రతి ఎడిషన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ముందుగానే తీసుకుని షాపుల డేటాబేస్‌లోకి ఎక్కించేస్తారు. అక్కడ తేదీ గడి నింపాలి కాబట్టి సంవత్సరం చివరి రోజో మొదటి రోజో వేసి వదిలేస్తారు. పేజీల సంఖ్య కూడా అలా వేసిన అంచనానే.

ఇలాంటిది కనిపిస్తే ముందు క్యాలెండర్ తియ్యి. అమెరికాలో పెద్ద పబ్లిషర్ల కొత్త పుస్తకాలు మామూలుగా మంగళవారం వస్తాయి, బ్రిటన్‌లో గురువారం. చెప్పిన తేదీ ఆదివారం పడితే అది దాదాపుగా ఉత్తిదే. తర్వాత కవర్ బయటికి వచ్చిందా చూడు. కవర్ లేదంటే విడుదల దగ్గర్లో లేదు. ఆఖరున రచయిత సొంత సైట్ చూడు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్‌కు మూలమైన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సీరీస్‌లో ఐదో భాగం 2011 జూలైలో వచ్చింది. అప్పట్నుంచి ఆరో భాగం మీద పుట్టిన పుకార్లకు లెక్కే లేదు. ఆయన తన బ్లాగులో రాయనిది ఇంకెక్కడ కనిపించినా పట్టించుకోవద్దు. ఇంకో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ పద్ధతి వేరు. ఏ పుస్తకం ఎంత శాతం అయిందో సైట్‌లోనే గీతల్లో చూపిస్తాడు, ఏటా డిసెంబర్‌లో మొత్తం పనుల మీద పెద్ద వ్యాసం రాస్తాడు. కానీ ఆ గీత నూరు శాతానికి చేరిందని సంబరపడకూడదు, అది ఆ ఒక్క డ్రాఫ్ట్‌కే. దాని వెనక తిరగరాతలు, ఎడిటింగ్, కాపీ ఎడిటింగ్, ప్రూఫులు, అచ్చు ఉంటాయి. లావుపాటి ఫాంటసీ నవలకు మొదటి డ్రాఫ్ట్ నుంచి షాపు దాకా ఏడాది పైనే పడుతుందనుకో.

రోజువారీ వార్తలకు నేను చూసేవి కొన్నే. 1968 నుంచి వస్తున్న, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ వార్తలిచ్చే లోకస్ పత్రిక అన్నిటికన్నా నమ్మకమైనది. రాబోయే పుస్తకాల జాబితాలు వేస్తుంది. ప్రతి ఫిబ్రవరిలో, వెనకటి ఏడాది చదవదగ్గ పుస్తకాల జాబితా కూడా ఇస్తుంది. ఏడాదికి ఒక్కసారే చూసే ఓపిక ఉంటే ఆ జాబితా చాలు. రెండోది రియాక్టర్. పాత పేరు టోర్ డాట్ కామ్, 2024 జనవరిలో పేరు మార్చారు. దాన్ని నడిపేది ఒక పబ్లిషింగ్ సంస్థే అని గుర్తు పెట్టుకుని చదువు. అభిమానుల లోకంలో జరిగే గొడవలకు ఫైల్ 770 అనే సైట్ ఉంది. వీటి కోసం ఫేస్‌బుక్, ఇన్‌స్టా తిరగొద్దు, అవి నీకు కావాల్సింది చూపించవు, వాటికి కావాల్సింది చూపిస్తాయి. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూసేశాక ఆర్‌ఎస్‌ఎస్ (సైట్లలో వచ్చే కొత్త పోస్టులను ఒక్కచోటికి తెచ్చి చూపించే పద్ధతి) పోయిందనుకున్నారు చాలామంది. అదెక్కడికీ పోలేదు. ఫీడ్లీ లాంటి యాప్‌లో ఈ మూడు సైట్లు, నీకిష్టమైన ఐదారుగురు రచయితల బ్లాగులు వేసుకుంటే రోజుకు పది నిమిషాల్లో చదవడం అయిపోతుంది.

అవార్డుల్లో ఎవరు ఓటేస్తారన్నదే చూడాల్సింది. 1953లో మొదలైన హ్యూగో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అవార్డుకు వరల్డ్‌కాన్ అనే అభిమానుల సభలో చేరిన సభ్యులు ఓటేస్తారు, అంటే పాఠకుల అభిరుచి. 1975లో మొదలైన వరల్డ్ ఫాంటసీ అవార్డును ఐదుగురు న్యాయనిర్ణేతలు తేలుస్తారు, కాస్త వింతైన, చిక్కనైన పుస్తకాలు అక్కడ కనిపిస్తాయి. సీరీస్‌లు ఇష్టమైతే హ్యూగోలో బెస్ట్ సీరీస్ విభాగం చూడు. దానికి కనీసం మూడు భాగాలు, 2,40,000 పదాలు ఉండాలి. 2023లో చైనాలోని చెంగ్డూలో ఇచ్చిన హ్యూగోల్లో మాత్రం కొన్ని పుస్తకాలను కారణం చెప్పకుండానే అనర్హం చేశారు. 2024 జనవరిలో నామినేషన్ల లెక్కలు బయటపడేదాకా సంగతి ఎవరికీ తెలియలేదు. కాబట్టి ఆ ఏడాది జాబితాను కొలమానంగా తీసుకోవద్దు.

ఇక రివ్యూలు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు, ఎక్కువ చెప్పాల్సిందీ ఇక్కడే. పాఠకులే పుస్తకాలకు రేటింగులు వేసే గుడ్‌రీడ్స్ సైట్‌లో ఏ సీరీస్ అయినా తీసి చూడు. ఉదాహరణకు మొదటి భాగానికి 3.9, రెండోదానికి 4.2, మూడోదానికి 4.5 అని ఉంటుంది. పోనుపోను బాగా రాశాడని జనం అనుకుంటారు. కానీ మొదటి భాగం నచ్చనివాడు రెండోది కొననే కొనడు, రెండోది విసుగు పుట్టినవాడు మూడోదాని జోలికి పోడు. చివరికి రేటింగ్ వేసేది అభిమానులే. అందుకే సీరీస్‌ను తూచాలంటే మొదటి భాగం రేటింగ్ ఒక్కటే చూడు. దాని పక్కనే ఎంతమంది వేశారో కూడా చూడు. మొదటిదానికి లక్షమంది, రెండోదానికి ముప్పై వేలమంది ఉన్నారంటే డెబ్బై వేలమంది మధ్యలో దిగిపోయారన్నమాట. రెండో భాగం వచ్చి మూడు నాలుగేళ్లయినా ఆ తేడా అలాగే ఉంటే ఆలోచించాల్సిందే. ఈ ఒక్క లెక్క వంద రివ్యూలకన్నా ఎక్కువ చెప్తుంది.

ఇంకోటి, గుడ్‌రీడ్స్‌లో పుస్తకం విడుదల కాకముందే చుక్కలు (స్టార్లు) వేయొచ్చు. ముందస్తు కాపీలు అందుకున్నవాళ్లు రాస్తే అర్థముంది. కానీ పుస్తకం చూడకుండానే కక్షతో ఒక చుక్క వేసేవాళ్లూ ఉన్నారు. 2023 డిసెంబర్‌లో మొదటి నవల రాబోతున్న ఒక అమెరికా రచయిత్రి దొంగ అకౌంట్లతో తోటి కొత్త రచయితలకు ఒక చుక్క వేసిందని బయటపడి, పబ్లిషర్ ఆమె పుస్తకాన్నే రద్దు చేశాడు. అందుకే రివ్యూ తేదీ చూడు, విడుదల తేదీ చూడు. విడుదలయ్యాక రెండు నెలలు ఆగితే చాలావరకు కుదుటపడుతుంది.

ఐదు చుక్కల రివ్యూలు, ఒక చుక్క రివ్యూలు పక్కన పెట్టి మూడు చుక్కలవి తియ్యి. ఫిల్టర్‌లో ఆ వీలుంది. ‘అద్భుతం, ఏడ్చేశాను’ అన్నదాంట్లో నీకు పనికొచ్చేదేమీ లేదు. ‘మంత్రవిద్య నియమాలు చెప్పడానికే మొదటి 150 పేజీలు పోయాయి, యుద్ధం మాత్రం బాగుంది’ అని ఒకడు విసుక్కున్నాడనుకో, ఆ నియమాల కోసమే చదివేవాడికి అది మంచి కబురు. ‘స్లో’ అన్నప్పుడు ఎక్కడ స్లో అని అడుగు. మొదట్లో అయితే లోకాన్ని కడుతున్నాడు, భరించొచ్చు. మధ్యలో అయితే పాత్రలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిపిస్తూ పేజీలు నింపుతున్నాడు, అది నయమయ్యే జబ్బు కాదు.

కవర్ వెనక పెద్ద రచయితలు రాసే రెండు వాక్యాల పొగడ్తలు లెక్కలోకి తీసుకోకు. చాలాసార్లు వాళ్లదీ వీళ్లదీ ఒకే పబ్లిషర్, లేకపోతే ఒకే ఏజెంట్. కిర్కస్, పబ్లిషర్స్ వీక్లీ అనే అమెరికా పత్రికల రివ్యూలు పుస్తకం రాకముందే వస్తాయి. చిన్నవే అయినా కథ ఏంటో శుభ్రంగా చెప్తాయి. కిర్కస్‌లో సొంతంగా అచ్చేసుకునే రచయితలు డబ్బు కట్టి రాయించుకునే విభాగం వేరే ఉంది, రెండూ ఒకటే అనుకోవద్దు.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. నీకు బాగా తెలిసిన పది నవలలు తీసుకో. నచ్చినవి ఆరు, నచ్చనివి నాలుగు ఉండాలి. వాటి మీద ఒక రివ్యూయర్ ఏమన్నాడో వెతికి నోట్‌బుక్‌లో రాసుకో. ఏడెనిమిదింట్లో నీ మాటే అన్నవాణ్ణి ఫాలో అవ్వు. అన్నింట్లో నీకు అడ్డంగా చెప్పేవాడూ పనికొస్తాడు. వాడు తిట్టింది ధైర్యంగా కొనొచ్చు. సగంలో నీతో కలిసి, సగంలో కలవకుండా ఊగేవాడితోనే ఉపయోగం లేదు. ముగ్గురు దొరికితే చాలు.

స్పాయిలర్ల (కథ గుట్టు ముందే విప్పేసే మాటల) గురించి ఒక్క మాట: చదువుతున్న పుస్తకంలోని పాత్ర పేరు ఎప్పుడూ గూగుల్‌లో కొట్టకు. పేరు సగం కొట్టగానే కింద వచ్చే సూచనల్లోనే వాడు చస్తాడో బతుకుతాడో తెలిసిపోతుంది. ఎవరు ఎవరో మర్చిపోతే పుస్తకం చివర ఉండే పాత్రల పట్టిక చూసుకో.

కొనేముందు రుచి చూడటానికి పైసా ఖర్చు లేని దారి ఉంది. స్ట్రేంజ్ హొరైజన్స్, బినీత్ సీస్‌లెస్ స్కైస్, అన్‌కానీ పత్రికల్లో ఇప్పటి రచయితల కథలు ఉచితంగా చదవొచ్చు. నువ్వు కొనాలనుకున్న రచయిత కథ ఒకటి అక్కడ దొరికితే ముందు అది చదువు. వాక్యం నచ్చనివాడి ఏడువందల పేజీలు నువ్వు ఎలాగూ చదవలేవు.

అమెరికా వార్తల్లో చెప్పే తేదీ మనకు వర్తించదు, ఇది చాలామందికి తెలియదు. ఇండియా ఎక్కువగా బ్రిటిష్ పబ్లిషర్ల హక్కుల కిందికి వస్తుంది. కాబట్టి బ్రిటన్ ఎడిషన్ ఎప్పుడు, దాని ఐఎస్‌బీఎన్ ఏంటి అని చూడాలి. కవర్ వేరు, కొన్నిసార్లు సైజు వేరు. సీరీస్ మొదలుపెడితే చివరిదాకా ఒకే ఎడిషన్‌లో కొను. అమెరికా ఎడిషన్ తెప్పించుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం పెట్టారు. పుస్తకం మీద పన్నేంటో నాకిప్పటికీ మింగుడు పడదు. అది చాలదన్నట్టు 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేసింది. చిన్న ఊళ్ల పాఠకులకు, చిన్న పబ్లిషర్లకు అదే ఆధారంగా ఉండేది. 2025 మేలో పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అని తెచ్చారు, మొదట్లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు. కానీ ఏ పుస్తకాలు పంపొచ్చో చెప్తూ చదువు, సమాజం, సంస్కృతి, మతం అంటూ రకాలు రాశారు. నవలలు, కథలు అని కూడా పేరు పెట్టి రాసి ఉండాల్సింది.

ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికితే దొంగ అచ్చని అనుమానించు. ఫాంటసీలో దాన్ని పట్టుకోవడం తేలిక, ముందు మ్యాప్ తియ్యి. అసలు కాపీలో నదుల పేర్లు, చిన్న ఊళ్ల పేర్లు చదవగలం. దొంగదాంట్లో గీతలు అలుక్కుపోయి కొండలన్నీ నల్లటి మచ్చల్లా ఉంటాయి. కవర్ మీద ఉబ్బెత్తుగా ఉండాల్సిన అక్షరాలు చదునుగా ఉంటాయి, లోపలి మార్జిన్ ఇరుగ్గా ఉండి పుస్తకం పూర్తిగా తెరిస్తే జిగురు విడిపోతుంది. వెనక బార్‌కోడ్ నంబర్, లోపల కాపీరైట్ పేజీలో నంబర్ ఒకటేనా చూడు. తేడా ఉంటే అదే రోజు రిటర్న్ పెట్టు. రచయితకు ఒక్క రూపాయీ పోని పుస్తకం కొని తర్వాతి భాగం ఎప్పుడని అడిగే హక్కు మనకు లేదు.

చూసి కొనాలంటే గుంతకల్ మీదుగా బెంగళూరు రైలెక్కు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వార్మ్ షాపుల్లో కొత్తవీ పాతవీ రెండూ ఉంటాయి. హైదరాబాద్ పోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ చూడు, కాకపోతే సీరీస్‌లో మూడో భాగం దొరుకుతుంది, మొదటిది దొరకదు. జాబితా జేబులో ఉండాలి.

నువ్వు అడగకపోయినా ఒకటి చెప్తాను. ఇంగ్లిష్ పుస్తకాలకు ఇన్ని సైట్లు, ఇన్ని అవార్డులు. మన మాంత్రికుల కథలకు ఏముంది? 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ఏళ్ల తరబడి జానపద సీరియళ్లు రాశారు. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు, లక్షలమంది పిల్లలు అవి ఎవరు రాశారో తెలియకుండానే పెద్దవాళ్లయ్యారు. రివ్యూలు రాసేవాళ్లుంటే ఆ పేరు అప్పుడే ఇంటింటా తెలిసేది. ఇప్పుడు తెలుగులో కొత్తగా ఫాంటసీ రాసేవాళ్లదీ అదే గతి. పుస్తకం వస్తుంది, ఆవిష్కరణ సభ ఫొటో వస్తుంది, అంతటితో సరి. నాలుగు పేజీల్లో మూడు ముఖ్య అతిథుల ప్రసంగాలే రాసి, పుస్తకంలో ఏముందో రాయని సమీక్షలు చదివి చదివి విసుగొచ్చింది.

కాబట్టి నెలకు ఒక తెలుగు ఫాంటసీ పుస్తకం చదివి రివ్యూ రాయి. 2009లో మొదలైన పుస్తకం డాట్ నెట్ పాత సమీక్షలు చూస్తే పద్ధతి అర్థమవుతుంది. పాత జానపదాలు కావాలంటే కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం లైబ్రరీకి ఒకసారి పోయి రా. రాసేటప్పుడు కథ మొదటి పావు వంతుకు మించి చెప్పకు. ఆ లోకం నియమాలేంటి, రచయిత వాటికి కట్టుబడ్డాడా లేక చివర్లో వీలు కోసం తప్పాడా చెప్పు. ఒకే పుస్తకంతో ముగుస్తుందా, ఇంకా భాగాలున్నాయా రాయి. పబ్లిషర్ పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీలు, ధర వేయి. ఎక్కడ దొరుకుతుందో, ఫోన్ చేస్తే పోస్టులో పంపుతారో లేదో కూడా కనుక్కుని రాయి. ఆలూరులోనో రాయచోటిలోనో ఉండే పాఠకుడు మొదట వెతికేది ఆ లైన్ కోసమే.