బొటాక్స్ వేశాక రెప్ప వాలింది... పెళ్లిలోపు లేస్తుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది తిరుపతి. ఇంకో 24 రోజుల్లో మా అమ్మాయి పెళ్లి. ఫొటోల్లో నుదుటి గీతలు కనపడకూడదని పిల్లలు పట్టుబడితే పది రోజుల కిందట బొటాక్స్ వేయించుకున్నాను. ఆ సాయంత్రమే పార్లర్‌లో ఫేషియల్ కూడా అయింది. ఐదో రోజు లేచేసరికి ఎడమ రెప్ప సగానికి వాలి ఉంది. వేసినచోట అడిగితే 'ఇంకో డోసు వేస్తే సర్దుకుంటుంది' అంటున్నారు. అది విషమని, ఇది పక్షవాతమని చుట్టాలు భయపెడుతున్నారు. బీపీ మాత్రలు వాడుతున్నాను. కొండకు నడిచి వెళ్లే మొక్కు కూడా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రెండో డోసు వేయించుకోకండమ్మా. ఏ మందువల్ల రెప్ప వాలిందో ఆ మందే మళ్లీ పొడిస్తే ఇంకా చిక్కు.

విషమన్న మాట అబద్ధమేం కాదు. గాలి తగలని డబ్బా ఆహారంలో పెరిగే బ్యాక్టీరియా తయారుచేసే విషమే ఇది. దాన్నే శుద్ధి చేసి అతి తక్కువ మోతాదులో వాడతాం. కండరాన్ని బిగుసుకోమని నరం పంపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఇది ఆపేస్తుంది. నుదుటి కండరం సడలుతుంది, గీతలు పోతాయి. మందు కాస్త కిందికి పాకి రెప్పనెత్తే కండరాన్ని తాకిందా, రెప్ప వాలుతుంది. సూది పడిన చోటును ఆ రోజు రుద్దొద్దని, నాలుగు గంటలు పడుకోవద్దని చెబుతాం. ఫేషియల్ అంటే పడుకోబెట్టి మర్దన చేయడమే కదా! కారణం అదేనని తేల్చి చెప్పలేను, సూది కనుబొమకు మరీ దగ్గరగా పడినా ఇలాగే అవుతుంది.

అద్దం ముందు నిలబడి ఎడమ కనుబొమను వేలితో కాస్త పైకెత్తండి. కన్ను మామూలుగా తెరుచుకుంటే జారింది కనుబొమ. అదైతే మందు ప్రభావం తగ్గేదాకా, అంటే రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఎత్తినా రెప్ప నల్లగుడ్డును కప్పుతూనే ఉంటే రెప్ప కండరమే. అది చాలామందిలో మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే లేస్తుంది. పెళ్లినాటికి బాగా తేరుకునే అవకాశమే ఎక్కువ, తేదీ మాత్రం రాసివ్వలేను. విరుగుడు ఇంజెక్షన్ లేదు. ఆప్రాక్లోనిడిన్ అనే కంటి చుక్కలు రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుతాయి, ఫొటోకు అది చాలు. కాకపోతే మీకు బీపీ ఉంది, కంటి డాక్టర్ చూసి రాస్తేనే వేసుకోండి.

పక్షవాతమైతే రెప్ప ఒక్కటే వాలి ఊరుకోవడం అరుదు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం, ఒక కంటిపాప పెద్దదవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వస్తువులు రెండుగా కనిపించడం... వీటిలో ఏది ఉన్నా ఇంజెక్షన్ మీదకు నెట్టేసి కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. మింగలేకపోయినా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా అంతే. మందు దూరంగా పాకితే ఇలా జరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లోనే మందు కాగితం మీద పెట్టె కట్టి హెచ్చరిక రాయించింది. ముడతలకు వాడే మోతాదులో ఇది చాలా అరుదు.

రెప్ప పొద్దున బాగుండి సాయంత్రానికి బరువెక్కుతోందా? అప్పుడు మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల జబ్బును అనుమానించాలి. అదుంటే ఈ ఇంజెక్షన్ అసలు వేయకూడదు. మీ ఊళ్లోని స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (నరాల) విభాగం ఉంది, చూపించుకోండి.

వేసినచోటికి వెళ్లి బ్రాండ్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ, ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాయించుకోండి. కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్ అయితే 20 యూనిట్లు, డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండ్ అయితే 50. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. రాసివ్వడానికి నసిగితే మళ్లీ ఆ గుమ్మం తొక్కొద్దు. వేరే జబ్బుకు ఎవరైనా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాస్తే బొటాక్స్ సంగతి ముందే చెప్పండి, అవి కండరాల నీరసాన్ని పెంచుతాయి.

అలిపిరి మెట్లెక్కడానికి బొటాక్స్ అడ్డు కాదు. రెప్ప లేచేదాకా స్కూటీ మాత్రం మీరు నడపొద్దు, పైచూపు తగ్గి ఉంటుంది. శుభలేఖలు పంచడానికి ఇంట్లో ఎవరినైనా బండి తీయమనండి.