ఫోను కోసం బంగారం తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారు రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్యలు పెంచుతున్నారు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. నెలకు ఇంటి ఖర్చు 18 వేల దాకా అవుతుంది. ఆన్‌లైన్ వేలంలో 80 వేల ఫోను 4 వేలకే వస్తుందని మా ఆడపడుచు కొడుకు చూపించాడు. డబ్బు కడితే లిస్టులో నంబరు ఇస్తారు. కొత్తగా 25 మంది చేరినప్పుడల్లా పైనున్న ఒకరికి ఫోను. అతనిది 19వ నంబరు, ఫోను వచ్చింది, మేమూ చూశాం. మేం 12 వేలు కడితే 861, 862, 863 నంబర్లు ఇచ్చారు. ఆ వేలం సైటులో నా పేరు మీద కూడా ప్రకటన పెట్టించాడు. నా బంగారం మీద రెండు లక్షలు తెచ్చి ఇంకో 50 నంబర్లు తీసుకుంటే లిస్టు త్వరగా కదులుతుందట. ఇది మన చీటీ పాట లాంటిదే కదండీ? బంగారం సొసైటీలో పెట్టమంటారా, ప్రైవేటు ఫైనాన్సులోనా?

జవాబు: ఎక్కడా పెట్టకండమ్మా. వడ్డీ ఎక్కడ తక్కువ అన్నది తర్వాత సంగతి. మీరు రాసినదాంట్లో ఆపదకు దాచిన డబ్బు మాటే లేదు. అంటే మీ ఇంటికి కష్టం వస్తే ఆదుకునేది ఆ బంగారమొక్కటే. దాన్నే తాకట్టు పెట్టాలనుకుంటున్నారు. చెరువుల మీద బతికే కుటుంబాలు ఈ తప్పు చేయకూడదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 25 మంది తలా 4 వేలు కడితే లక్ష. అందులో 80 వేలు ఫోనుకు, 20 వేలు నడిపేవాడికి. మీ ఆడపడుచు గారి అబ్బాయి వంతు రావడానికి లిస్టులో 475 మంది చేరితే సరిపోయింది. మీ 861వ నంబరుకు రావాలంటే 21,525 మంది చేరాలి. ఆ 21,525 మందికీ ఫోన్లు అందాలంటే 5 లక్షల 38 వేల మంది కావాలి. వాళ్ళందరికీ అందాలంటే కోటీ 34 లక్షల మంది. ఆ తర్వాతి మెట్టుకు 33 కోట్లు దాటుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అంత జనం లేరు.

ఇక మీ రెండు లక్షలతో లిస్టు ఎంత కదులుతుంది? 50 నంబర్లంటే పైనున్న ఇద్దరికి ఫోన్లు, నడిపేవాడికి 40 వేలు. అంతే. మీకు మిగిలేది గోల్డ్ లోను.

చీటీ పాటకూ దీనికీ పోలిక లేదు. ఇరవై మంది చీటీలో ఇరవై నెలలు, ప్రతి ఒక్కరికీ ఒక పాట, కొత్తవాళ్ళు చేరాల్సిన పని లేదు. ఇక్కడ కొత్తవాళ్ళు ఆగిన రోజున లిస్టు ఆగిపోతుంది. ఎప్పుడు ఆగినా, కట్టిన ప్రతి 25 మందిలో 24 మందికి ఏమీ రాదు.

వేలం ప్రకటన రాసే తీరు కూడా గమనించండి. పైన ఫోను ఫొటో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, మీరు కొంటున్నది ఒక ఈ-బుక్ అనీ, ఫోను దాంతోపాటు వచ్చే బహుమతి అనీ ఉంటుంది. ఈ-బుక్ వెంటనే మెయిల్‌కు వచ్చేస్తుంది. 'సరుకు అందింది' అని మీ చేత మంచి రేటింగ్ కూడా పెట్టిస్తారు. మీ వంతు రాదని తెలిసి ఫిర్యాదు చేసేసరికి గడువు దాటిపోతుంది, పైగా కొన్నది అందింది కదా అంటారు. మొదట్లో కొద్దిమందికి ఫోన్లు నిజంగానే ఇస్తారు, ఎందుకంటే చుట్టాల్లో ఒకరి చేతిలో ఫోను కనబడితే మిగతావాళ్ళు అడక్కుండానే కడతారు. ఈబే వంటి పెద్ద వేలం సైటు ఇలా కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళకు ఇచ్చే పిరమిడ్, మ్యాట్రిక్స్ ప్రకటనలను ఒప్పుకోదు.

అమెరికాలో జీక్ రివార్డ్స్ అని ఒకటి నడిచింది. పైకి ఆన్‌లైన్ వేలం సైటు, లోపల ఇదే పని. 2012 ఆగస్టులో అక్కడి పెట్టుబడుల నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్ దాన్ని మూయించేనాటికి దాదాపు 60 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. ఆదాయంలో సుమారు 98 శాతం కొత్తగా చేరినవాళ్ళ డబ్బేనని కమిషన్ తేల్చింది. నడిపినాయనకు 2017లో 14 ఏళ్ళ 8 నెలల జైలు పడింది. ఆ డబ్బు రాబట్టడానికి కోర్టు నియమించిన అధికారి (రిసీవర్), లాభపడిన సభ్యుల మీద కూడా దావాలు వేసి డబ్బు వెనక్కి అడిగారు. ఇది మీ ఆడపడుచు గారి అబ్బాయికి చదివి వినిపించండి.

మన దేశంలోనూ 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఉంది. నడిపేవాళ్ళే కాదు, అందులో చేరడం, చేర్పించడం కూడా నేరమే. మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. మీ పేరు మీద ఉన్న ప్రకటన వల్ల మీరూ అమ్మకందారు అయ్యారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాత్రి కరెంటు పోయి చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే జనరేటరుకు డీజిల్ కావాలి. రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వస్తే పూర్తిగా ఎదగకముందే పట్టుబడి చేసి వచ్చినకాడికి అమ్ముకోవాలి. అప్పుడు లీజు, మేత బాకీ ఆగవు, పిల్లల ఫీజులు ఆగవు. ఆ రోజు అక్కరకొచ్చేది మీ బంగారం. దాన్ని ఇప్పుడే ఫోన్ల కోసం పెట్టేస్తే, అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాయాల్సి వస్తుంది, అంటే ఏడాదికి 36 శాతం. గోల్డ్ లోను కట్టలేకపోతే నగలు వేలానికి వెళ్తాయి. పేపర్లలో ఆ వేలం నోటీసులు మీరూ చూసే ఉంటారు. అప్పు తెచ్చి పందెం కాయడాన్ని పెట్టుబడి అనకూడదు, అందులోనూ ఇంటావిడ బంగారం మీద తెచ్చి.

జీతగాళ్ళకు మూడు నెలల ఖర్చు దాస్తే చాలంటారు, మీకు చాలదు. పంటకు నాలుగు నెలలు, మళ్ళీ చెరువు ఎండగట్టి సీడు (రొయ్య పిల్లలు) వేసేదాకా ఇంకో రెండు నెలలు. ఆరు నెలలకు లక్షా ఎనిమిది వేలు మీ లక్ష్యం. వచ్చే పట్టుబడి డబ్బు చేతికి రాగానే, మేత కొట్టుకు వెళ్ళకముందే 30 వేలు పక్కన పెట్టండి. దానికి వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి, ఫోన్‌పేకి లింక్ చేయకండి. కుట్టుపని డబ్బులో నెలకు 2 వేలు అందులోనే వేయండి. ఈ మొత్తం పూర్తయ్యేదాకా ఫండ్లు, భూములు, ఇంకో చెరువు లీజు, ఏ ఆలోచనా వద్దు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన జ్యోతి (జీవిత బీమా) మీ ఇద్దరికీ కట్టండి.

పోయిన 12 వేల కోసం 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి, బ్యాంకుకూ చెప్పండి. తిరిగి వస్తుందని నమ్మకంగా చెప్పలేను. ఎవరైనా 'ఫీజు కడితే రీఫండ్ ఇప్పిస్తాం' అంటే అది రెండో మోసం. ప్రకటనకూ, చెల్లింపులకూ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకున్నాక, మీ పేరు మీద ఉన్న ప్రకటనను ఈ రోజే తీసేయండి. దాన్ని చూసి ఎవరైనా మీకు డబ్బు పంపి ఉంటే, మొత్తం వాళ్ళకు వెనక్కి వేసేయండి.