ఒక్క పాట పంపు, అల్లుడూ

జాన్సన్ సిటీ, టెనెసీ
శనివారం రాత్రి

ఒరే అల్లుడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పాత అమెరికన్ జానపదం, బ్లూగ్రాస్, ఫోక్ రాక్ కలిపి 140 పాటల ప్లేలిస్టు తయారుచేసి ఆఫీసులో వాళ్లకీ, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌కీ, మీ నాన్నకీ పంపితే ఒక్కరూ వినలేదని నీ బాధ. "అత్తా, వీళ్లకి టేస్ట్ లేదు" అని తీర్పు కూడా ఇచ్చేశావు. టేస్ట్ సంగతి తర్వాత చూద్దాం. 140 పాటలంటే ఎంత లేదన్నా ఏడెనిమిది గంటలు. గిటార్‌లా మీటే ఆ బాంజో ఎలా ఉంటుందో కూడా తెలియని మనిషికి ఎనిమిది గంటల బాంజో పంపావు. నాకు వాళ్ల మీదే జాలేస్తోంది.

నిన్ను తిట్టే అర్హత నాకూ లేదులే. 1987లో నేను చేసిన పని దీనికేం తీసిపోదు. రేడియోలోంచీ, తెలిసినవాళ్ల ఎల్పీ రికార్డుల్లోంచీ నాకు నచ్చినవన్నీ ఎక్కించి, 90 నిమిషాల క్యాసెట్లు ఆరు నింపాను. అట్టల మీద పాటల పేర్లన్నీ చీమల బారులా రాసి, ఇండియా వెళ్తున్న ఒకావిడ చేతికిచ్చి విజయనగరం పంపాను. మరుసటి ఏడాది నేను ఇంటికి వెళ్లేసరికి ఆరింటిలో నాలుగింటి మీద మీ తాతయ్య హరికథలు రికార్డు చేసేసుకున్నారు. క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొడితే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరని నాకప్పుడు తోచలేదు. "మంచి క్యాసెట్లమ్మా, ఊరికే పడున్నాయని..." అన్నారాయన, తప్పు చేసినట్టు కూడా కాదు, నాకేదో సాయం చేసినట్టు!

కాబట్టి ఇది తెలివిగలవాళ్ల సలహా కాదు, దెబ్బతిన్నవాళ్ల సలహా.

నాకు ఈ పాటలు ఎలా అంటుకున్నాయో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఇక్కడి ఆసుపత్రిలో చేరిన కొత్తల్లో పేషెంట్లలో సగం మంది మాట నాకు అర్థమయ్యేది కాదు, నా మాట వాళ్లకీ అంతే. వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఒక పెద్దాయన నెలనెలా వచ్చేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి "మీ దేశంలో ఫిడిల్ ఉందా?" అని అడిగాడు. ఉంది, మేమూ ఫిడేలు అనే అంటాం, చిన్నప్పుడు నేను రెండేళ్లు నేర్చుకుని మానేశాను కూడా, అన్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊళ్లో పుట్టి ఫిడేలు మానేసిన ఘనత నాది. కింద కూర్చుని, ఫిడేలు తల పాదం మీద ఆనించి వాయిస్తామని కుర్చీలోంచి కాలు చాపి చూపించాను. ఆయన నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు.

తర్వాతిసారి వచ్చినప్పుడు ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. దాంట్లో ఒక్కటే పాట. మిగతా టేపంతా ఖాళీ. "కారులో వినండి డాక్టర్, వంట చేస్తూ వినొద్దు" అన్నాడు. మళ్లీ నెలకి వచ్చినప్పుడు నచ్చిందా అని అడగలేదు. "ఏం వినబడింది?" అని అడిగాడు.

ఇద్దరు గిటార్ వాయిస్తున్నారు, ఒకావిడ పాడుతోంది అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇద్దరు కాదు, ఒక్కరే. పాడేదీ ఆవిడే. ఎలిజబెత్ కాటన్ పాడిన 'ఫ్రెయిట్ ట్రెయిన్' అది. నార్త్ కారొలైనాలో కార్‌బరో అనే ఊళ్లో పుట్టిన నల్లజాతి అమ్మాయి, ఎడమచేతివాటం. గిటార్ తీగలు మార్చకుండా గిటార్‌నే తలకిందులుగా తిప్పి పట్టుకుని నేర్చుకుంది. అందుకే అందరూ బొటనవేలితో మోగించే మంద్రస్వరాలు ఆవిడ వేళ్లతో మోగిస్తే, రాగం బొటనవేలితో పలికేది. ఆ పాట చిన్నపిల్లగా ఉన్నప్పుడే కట్టింది. తర్వాత చాలా ఏళ్లు గిటార్ ముట్టుకోలేదు. వాషింగ్టన్‌లో సీగర్లనే సంగీతకారుల కుటుంబం ఇంట్లో పనికి కుదిరాక, గోడకి తగిలించిన గిటార్ తీసి వాయిస్తుంటే ఆ ఇంటి పిల్లలు విన్నారు. వాళ్లలో మైక్ సీగర్ పెద్దవాడై ఆవిడ ఇంట్లోనే రికార్డు చేస్తే 1958లో ఫోక్‌వేస్ కంపెనీ ఎల్పీ వేసింది. అప్పటికి ఆవిడకి 65 ఏళ్లు. 90 దాటాక గ్రామీ వచ్చింది.

ఇదంతా ఆ పెద్దాయన నేను విన్న తర్వాత చెప్పాడు, ముందు కాదు. ముందే చెప్పి ఉంటే నేను పాట వినేదాన్ని కాదు, కథకి తగ్గట్టు జాలిపడేదాన్ని. నువ్వేమో ప్రతి పాట కింద పేరాలు పేరాలు రాశావు, ఎవరు ఎవరి బ్యాండ్‌లోంచి ఎప్పుడు బయటికొచ్చారో సహా. అది మానెయ్. పాటతోపాటు వెళ్లాల్సింది రెండు వాక్యాలు, అందులో ఒకటి ఎక్కడ వినాలో. మిగతాది వాళ్లు అడిగితే.

ఇక ఎవరికి ఏది పంపాలన్న సంగతి. నీకు ఇష్టమైనవాటిలో గొప్పది ఏదో వెతకొద్దు. ఆ మనిషి ఇప్పటికే ఏం వింటాడో చూసి, దానికి పక్కింట్లో ఉండేది వెతుకు.

మీ ఆఫీసులో రాక్ వినే కుర్రాడికి నువ్వు 1927 రికార్డింగులు పంపావు. గరగరమనే శబ్దం పావు నిమిషం రాగానే ఆపేసి ఉంటాడు. అతనికి ద బ్యాండ్ అనే గుంపు 1969లో తమ పేరుతోనే వేసిన ఎల్పీలోంచి ఒకటి పంపు. నలుగురు కెనడావాళ్లు, ఒక్కడు ఆర్కన్సావాడు. డ్రమ్స్ వాయిస్తూ పాడే ఆ ఒక్కడు లెవాన్ హెల్మ్. ఆ గొంతు వింటే పొలం గట్టు మీద నిలబడి ఎవరినో కేకేస్తున్నట్టుంటుంది. అది చాలామటుకు పేరున్న స్టూడియోలో కూడా చేసింది కాదు, హాలీవుడ్‌లో ఒక ఇంట్లో ఈతకొలను పక్కనున్న గదిలో చేశారు. అది నచ్చితే అతనే వెనక్కి వెళ్తాడు. లేదా బర్డ్స్ అనే గుంపు 1965లో బాబ్ డిలన్ పాటని పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడింది పంపు. ఆ మొదటి నాలుగైదు సెకన్ల గిటార్‌కే జానపదం, రాక్ కలిసిన ఫోక్ రాక్ అంటే ఏంటో తెలిసిపోతుంది, నిర్వచనం చెప్పక్కర్లేదు.

క్లాసికల్ నేర్చుకుంటున్న ఆ అమ్మాయి ఉందే, తనకి మాత్రం పక్కా బ్లూగ్రాస్ పంపు, తీగ వాయిద్యాలతో చురుగ్గా సాగే పల్లె సంగీతం. బిల్ మన్రో బృందం 1946, 47ల్లో కొలంబియా రికార్డు కంపెనీకి చేసినవి. అసలు బ్లూగ్రాస్ అనే పేరే ఆయన బృందం బ్లూ గ్రాస్ బాయ్స్ పేరు నుంచి వచ్చింది. ఆయన మాండలిన్, లెస్టర్ ఫ్లాట్ గిటార్, ఎర్ల్ స్క్రగ్స్ బాంజో, చబ్బీ వైజ్ ఫిడేలు, వెనక పెద్ద బాస్. డ్రమ్స్ లేవు. మాండలిన్ కొట్టే చురుకైన దెబ్బే తాళం. ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి తమ వంతు వాయించి వెనక్కి తగ్గుతారు. తనియావర్తనంలో మృదంగం, ఘటం వంతులు పంచుకోవడం విన్న పిల్లకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ ఆ వంతు పావు నిమిషంలో అయిపోతుంది. మూడు నిమిషాల పాట మరి.

ఓపిక ఉన్న మనిషి ఎవరైనా దొరికితే, రాత్రిపూట ఒంటరిగా డ్రైవ్ చేసేవాళ్లయితే ఇంకా మంచిది, గిలియన్ వెల్చ్ 2001లో వేసిన 'టైమ్ (ద రెవెలేటర్)' ఆల్బమ్ ఉంది. దాదాపు అంతా నాష్‌విల్‌లో పాత ఆర్‌సీఏ స్టూడియో బీలో చేసింది. రెండు గొంతులు, రెండు గిటార్లు, అక్కడక్కడా బాంజో, అంతే. ఆఖరి పాట ఒక్కటే దాదాపు పావుగంట. ఓపిక లేనివాళ్లకి పంపావో, నీతో మాట్లాడటం మానేస్తారు.

ఇంకొకటి. పాట పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఏ రికార్డింగో చెప్పాలి. స్క్రగ్స్ బాంజోతో 'ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్' 1949లో చేశాడు, ఆ తర్వాత ఎన్నిసార్లో. నువ్వు ఒకటి మనసులో పెట్టుకుని పేరు మాత్రం చెప్తే, యాప్ వాళ్లకి ఇంకేదో వినిపిస్తుంది. నేనొకసారి ఒక పాత రికార్డుల షాపులో అట్ట చూసి మురిసిపోయి 22 డాలర్లు పోసి ఎల్పీ కొన్నాను. ఇంటికొచ్చి తీస్తే లోపల క్రిస్మస్ పాటలు! అప్పట్నుంచి ఎక్కడ కొన్నా డిస్క్ బయటికి లాగి, లేబుల్ చదివి, లైటు కింద వంచి గీతలు చూస్తే గానీ డబ్బులివ్వను. షాపువాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నీ లిస్టులో నాకు నచ్చనిది ఒకటుంది. 140లో నల్లజాతివాళ్లు పాడినవి రెండే. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన వాయిద్యం. కార్టర్ ఫ్యామిలీ పాటలు అంటావు కదా, ఏ.పీ. కార్టర్, భార్య సారా, మరదలు మేబెల్ కలిసి పాడినవి, ఆ ఏ.పీ. ఈ కొండల్లో పాటలు సేకరిస్తూ తిరిగినప్పుడు పక్కనుండి రాగాలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. ఏ.పీ. మాటలు రాసుకునేవాడు, రిడిల్ రాగం మోసుకొచ్చేవాడు. రికార్డుల మీద మాత్రం ఆయన పేరు లేదు. కారొలైనా చాక్లెట్ డ్రాప్స్ అని ముగ్గురు పిల్లలు నార్త్ కారొలైనా మెబేన్‌లో జో థాంప్సన్ అనే ముసలి ఫిడేలు విద్వాంసుడి దగ్గర కూర్చుని నేర్చుకుని 2010లో వేసిన ఆల్బమ్ ఉంది. రయానన్ గిడెన్స్ అందులోనే ఉంది. విను. లిస్టులో లెక్క సరిచేయడానికి కాదు, బాగుంటుంది కాబట్టి విను.

ఎల్పీలు అప్పిచ్చే విషయం ఒక్క మాటలో చెప్తాను. ఒకే కాపీ ఉన్నది ఇవ్వకు. నా 'విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్' మొదటి సెట్ 1991లో ఇంట్లోంచి వెళ్లింది, ఇంకా రాలేదు.

దాని గురించి మాత్రం కొంచెం చెప్పాలి. నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అని జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు 1971లో నాష్‌విల్ వెళ్లి, తమ తండ్రుల వయసు, అంతకన్నా పెద్ద వయసు వాళ్లని పిలిచారు. మేబెల్ కార్టర్, ఎర్ల్ స్క్రగ్స్, డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్, రాయ్ ఎకఫ్. బిల్ మన్రో రానన్నాడు. మూడు ఎల్పీల సెట్ 1972లో వచ్చింది. పాటల మధ్య వాళ్లు మాట్లాడుకున్న మాటలు తీసేయకుండా అలాగే ఉంచారు. డాక్ వాట్సన్‌కి పసితనంలోనే చూపు పోయింది. మెర్ల్ ట్రావిస్ గిటార్ అంటే ఎంత ప్రాణమంటే కొడుక్కి ఆయన పేరే పెట్టుకున్నాడు. కానీ మనిషిని ఎప్పుడూ కలవలేదు. ఆ స్టూడియోలోనే మొదటిసారి కలిశారు, ఆ మాటలు టేపులో ఉన్నాయి. ఒకరినొకరు పలకరించుకునే తీరు చూడు, ఎంత మర్యాద, ఎంత మొహమాటం! పాటేం లేదు అందులో, ఉత్త మాటలే. నేను ఎవరికైనా ఈ సెట్‌లోంచి ఒక్కటే వినిపించాల్సొస్తే ఆ మాటలే వినిపిస్తాను.

ఇక మీ నాన్న. వాడికి నువ్వు ఏదీ పంపకు, నేను చెప్పింది తప్ప.

ఆ హరికథల క్యాసెట్లలో ఒకదానికి చివర మూడు నిమిషాల టేపు మిగిలింది. మీ తాతయ్య మంగళం దాకా రికార్డు చేసి ఆపేశారు. దాని వెనకే నేను ఎక్కించిన పాట సగంలోంచి బయటపడేది. కార్టర్ ఫ్యామిలీ 1928లో చేసిన 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్'. సారా గొంతు, మేబెల్ బొటనవేలు మోటు తీగల మీద రాగం, మిగతా వేళ్లు పైన తాళం. అక్కడికి ఏడాది ముందు, ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న బ్రిస్టల్‌లో మొదటిసారి రికార్డింగుకి వచ్చినప్పుడు మేబెల్‌కి 18 ఏళ్లు, నిండు గర్భిణి. మంగళహారతి అయిపోయి హాల్లో అందరూ లేచిపోతుంటే మీ నాన్న మాత్రం టేప్‌రికార్డర్ దగ్గర కూర్చునేవాడట. నేను వెళ్లినప్పుడు అడిగాడు, "అక్కా, హరికథ చివర వచ్చేది ఏంటది?" అని. నేను ఏం చేశానో తెలుసా? బ్రిస్టల్, విక్టర్ కంపెనీ, రాల్ఫ్ పీర్ అంటూ గంటసేపు క్లాసు పీకాను. వాడు తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

ఆ పాట సగం నుంచే విన్నాడు వాడు. మొదలు ఎలా ఉంటుందో వాడికి ఇప్పటికీ తెలీదు. అది పంపు. 1928ది, వేరేది కాదు. "హరికథ చివర వచ్చేది ఇదేనట, అత్త చెప్పమంది" అని రాయి. ఫోన్ చేసి ఎలా ఉందని అడగకు, వాడే చేస్తాడు.

వచ్చే నెల రెండో శనివారం ఖాళీ చేసుకో. వర్జీనియా హిల్టన్స్‌లో కార్టర్ ఫోల్డ్‌కి వెళ్దాం, కార్టర్ల కుటుంబమే మొదలుపెట్టిన పాటకచేరీల చోటు. కరెంటు వాయిద్యాలు ఒప్పుకోరు, మందు ఉండదు, ముసలివాళ్లు లోహపు ముక్కలు కొట్టించిన బూట్లతో టకటకమని డాన్సు చేస్తుంటారు. స్వెట్టర్ తెచ్చుకో, లోపల చలిగా ఉంటుంది. ఆ హెడ్‌ఫోన్లు మాత్రం తేకు.

మీ అత్త