డిలీట్ అనాలా, రిమూవ్ అనాలా?

ప్రశ్న: మేడమ్, నేను టెక్నికల్ రైటర్‌ని. మా మాన్యువల్‌లో ఒకచోట డిలీట్, ఒకచోట రిమూవ్, ఇంకోచోట క్లియర్ అని ఉంది. అన్నిచోట్లా ఒకే మాట పెడదామంటే మా సీనియర్ ఒప్పుకోవడం లేదు. "ఒకే మాట పదేపదే వస్తే చదవడానికి బాగోదు, వాళ్లకి అర్థమవుతుందిలే" అంటున్నారు. నాదే చాదస్తమా?

జవాబు: చాదస్తం కానే కాదు. అంత పట్టింపు ఉన్నవాళ్లు టీమ్‌కి ఒక్కరైనా ఉండాలి.

పునరుక్తి దోషమని బళ్లో వ్యాసాలు రాసేటప్పుడే మనకు నూరిపోశారు. కథకీ కవిత్వానికీ అది సరే. మాన్యువల్‌ని మాత్రం ఎవరూ మొదటినుంచి చివరిదాకా చదవరు. పని ఆగిపోయి, టెన్షన్‌లో వెతుక్కుంటూ ఏదో ఒక పేజీలోకి వచ్చి పడతారు. అక్కడ మాట మారితే పని కూడా మారిందనుకుంటారు. మాట మారకపోతే పనీ అదే అనుకుంటారు. మనం రాసిందాన్ని నమ్మారు కాబట్టే అలా అనుకుంటారు.

ఒక బ్యాకప్ ప్రోగ్రామ్ మాన్యువల్‌లో దీని ఫలితం దగ్గరగా చూశాను. ఒక అధ్యాయంలో "ఫోల్డర్‌ని రిమూవ్ చేయండి" అంటే, ఇకమీదట దానికి బ్యాకప్ తీయొద్దని అర్థం. పాత కాపీ సర్వర్‌లో భద్రంగానే ఉంటుంది. ఇంకో అధ్యాయంలో అదే మాటకి సర్వర్‌లో ఉన్న కాపీని చెరిపేయమని అర్థం. మొదటిదానికి అలవాటుపడ్డ మనిషి రెండోచోట కూడా ధైర్యంగా నొక్కేసేవాడు. అంతే, కాపీ పోయినట్టే. ఆ ఫోన్ కాల్స్‌కి జవాబు చెప్పాల్సి వచ్చిన సపోర్ట్ వాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

అందుకని మీరు కూడా మూడు మాటల్నీ గుడ్డిగా ఒకటి చేసేయకండి. డెవలపర్ పక్కన కూర్చుని, ఒక్కో బటన్ చూపించి అడగండి: ఇది నొక్కాక ఏం మిగులుతుంది? పోయింది తిరిగి వస్తుందా? జాబితాలోంచి పోయినా అసలుది ఎక్కడో ఉంటే రిమూవ్. అసలుదే పోతే డిలీట్. గడిలో టైప్ చేసింది మాత్రమే చెరిగితే క్లియర్. మూడు బటన్లూ ఒకే పని చేస్తుంటే అప్పుడు ఒకే మాట పెట్టండి, స్క్రీన్ మీద కూడా మార్పించండి. స్క్రీన్ మీద ఒకటి, మాన్యువల్‌లో ఒకటి ఉంటే మీ శ్రమంతా వృథా.

మీ సీనియర్‌కి గిట్‌ని, అంటే కోడ్‌లో చేసిన మార్పుల్ని వరసగా భద్రపరిచే పనిముట్టుని, చూపించండి. కమిట్‌లోకి (ఒకసారి భద్రపరిచే మార్పుల కట్టలోకి) వెళ్లబోయే మార్పులు ఉండే చోటుని ఇండెక్స్ అంటారు, స్టేజింగ్ ఏరియా అంటారు, కమాండ్లలో క్యాష్ అన్న పేరు కూడా కనిపిస్తుంది. మార్పుల్ని చూపించే 'గిట్ డిఫ్' కమాండ్‌కి --క్యాష్డ్ ఇచ్చినా --స్టేజ్డ్ ఇచ్చినా వచ్చేది ఒకటే. 2005లో పుట్టిన పనిముట్టు అది, ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాళ్లు అవి మూడు వేర్వేరు చోట్లేమో అని తికమకపడుతూనే ఉన్నారు.

నిర్ణయించిన మాటల్ని ఒక షీట్‌లో రాసిపెట్టుకోండి. వాడాల్సిన మాట, దాని బదులు వాడకూడనివి, ఒక వాక్యంలో అర్థం ఉంటే చాలు. వాడకూడని మాట కనిపిస్తే పట్టి చూపించడానికి వేల్ లాంటి ఉచిత పనిముట్లున్నాయి. మనిషి చెబితే మనసు నొచ్చుకునే రైటర్ కూడా ప్రోగ్రామ్ చెబితే దిద్దుకుంటాడు.

ప్రశ్న: కోడ్‌లో ఒక ఫీల్డ్ పేరు తప్పు స్పెల్లింగ్‌తో ఉంది. డాక్యుమెంట్‌లో సరిచేసి రాయొచ్చా?

జవాబు: వద్దు. అది చూసి టైప్ చేసేవాళ్లకి పనిచేయదు. బ్రౌజర్, వెబ్‌సైట్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీలో 'రెఫరర్' (Referer) హెడర్ సంగతే చూడండి. ఏ పేజీలోంచి వచ్చారో చెప్పే పంక్తి అది. మధ్యలో రెండు 'ఆర్'లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే హెచ్‌టీటీపీ నిర్దేశ పత్రంలోకి ఆ తప్పుతోనే ఎక్కింది, ఈనాటికీ అలాగే రాయాలి. తర్వాత వచ్చిన 'రెఫరర్-పాలసీ' హెడర్‌లో మాత్రం స్పెల్లింగ్ సరిగ్గా ఉంటుంది. కాబట్టి కోడ్‌లో ఎలా ఉంటే అలాగే రాసి, "స్పెల్లింగ్ ఇదే, మార్చకండి" అని పక్కనే ఒక ముక్క చేర్చండి.

ప్రశ్న: "పేరు 20 క్యారెక్టర్లకు మించకూడదు" అని రాశాం. తెలుగులో చిన్న పేర్లు కూడా పట్టడం లేదని ఫిర్యాదులు వస్తున్నాయి. మేం రాసింది తప్పా?

జవాబు: తప్పని అనను గానీ, ఆ మాట సరిపోదు. 'లక్ష్మి' అని రాస్తే మన కంటికి రెండే అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7 కోడ్ పాయింట్లు, అంటే 7 నంబర్లు. ఆ నంబర్లని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచేటప్పుడు ఒక్కోదానికి 3 బైట్లు, అంటే మొత్తం 21. మీ ప్రోగ్రామ్ లెక్కపెట్టేది బైట్లయితే ఆ రెండక్షరాల పేరు కూడా పట్టదు!

కంటికి కనిపించినట్టుగా లెక్కపెట్టే పద్ధతీ ఉంది, అందులో ఒక్కో అక్షరాన్ని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. అందులోనూ ఈ లెక్క చేసిపెట్టే పాత కోడ్ లైబ్రరీలు 'క్ష్మి'ని మూడు ముక్కలు చేస్తాయి. ఒత్తులతో సహా ఒకటిగా లెక్కించే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది.

ముందు మీ ప్రోగ్రామ్ ఏది లెక్కపెడుతోందో డెవలపర్‌ని అడిగి తెలుసుకోండి. డెవలపర్లు చదివే ఏపీఐ డాక్యుమెంట్‌లో ఆ మాటే, బైట్లయితే బైట్లని, కోడ్ పాయింట్లయితే కోడ్ పాయింట్లని రాయండి. మామూలు వినియోగదారుల గైడ్‌లో ఆ పేర్లు అక్కర్లేదు. "తెలుగు పేర్లకు ఎక్కువ చోటు పడుతుంది" అని చెప్పి ఉదాహరణకి ఒక పేరు చూపించండి. అసలు ఆ పరిమితి పెంచమని అడగడం కూడా మీ పనే. తన పేరు తాను పూర్తిగా రాసుకోలేని మనిషికి ఎంత మంచి వివరణ ఇచ్చినా ఏం లాభం? బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు 'లక్ష్మి' లెక్క అందులో పెట్టండి, పరిమితి ఎందుకు చాలడం లేదో డెవలపర్లకి వెంటనే తెలుస్తుంది.