‘ప్రత్యయస్కాంతం’ అనవచ్చా?

సందేహం: రేర్ ఎర్త్ ఐరన్ బోరేట్ స్ఫటికాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘ఆంటీఫెర్రోమాగ్నెటిక్’ అన్న మాటకు ప్రతి + అయస్కాంత = ‘ప్రత్యయస్కాంత’ అని పెట్టుకున్నాను. సంధి సరిగ్గా ఉందా? రేర్ ఎర్త్‌ను ‘అరుదైన భూమి’ అనీ, ఐరన్ బోరేట్‌ను ‘ఇనుప బోరేటు’ అనీ రాయవచ్చా?

సమాధానం: సంధికి వంక పెట్టలేం. అతి + అంతం ‘అత్యంతం’ అయినట్టే ఇదీ యణాదేశం. చిక్కల్లా చెవితోనే. మీ ఉత్తరంలో ‘ప్రత్యయ’ దాకా చదివి, ఏదో విభక్తి గొడవ కాబోలు అనుకున్నాను!

అర్థం దగ్గరా పేచీ ఉంది. ప్రతివాది, ప్రతిపక్షం లాంటి మాటల్లో ‘ప్రతి’ అంటే ఎదురు నిలిచేది. ఇక్కడ అయస్కాంతానికి ఎదురు నిలిచేవాళ్లెవరూ లేరు. వరుసలో పక్కపక్కనున్న ఇనుము అయాన్ల బుల్లి అయస్కాంతాలు, పెట్టెలో సర్దిన చెప్పుల జతలా, ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి ఉంటాయి. మొత్తం కలిపితే సున్నా. బయటి అయస్కాంత క్షేత్రానికి నిజంగా ఎదురుతిరిగేది డయా అయస్కాంత పదార్థం. మీ మాట దానికే బాగా నప్పుతుంది.

రేర్ ఎర్త్ లోహాల్లో ఒకటైన నియోడిమియం ఉన్న ఐరన్ బోరేట్‌నే తీసుకోండి. దాదాపు 30 కెల్విన్‌కు, అంటే మైనస్ 243 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే అందులో ఈ క్రమం ఏర్పడుతుంది. మొత్తం సున్నా కాబట్టి మామూలు అయస్కాంతంలా అది దేన్నీ లాగదు. మరెలా తెలుస్తుంది? కాంతి పంపి, స్ఫటికం ఏ రంగులను మింగేసిందో వర్ణపటంలో చూస్తారు. మింగిన రంగు ఉండాల్సిన చోట నల్ల గీత పడుతుంది. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న నియోడిమియం గీత ఇప్పుడు చీలిపోతుంది. నియోడిమియం అయాన్‌లో ఎఫ్ ఎలక్ట్రాన్లు మూడు, బేసి సంఖ్య. అందుకే దాని శక్తి స్థాయిలు జంటలుగా అతుక్కుని ఉంటాయి. ఇనుము క్రమంలోకి రాగానే ఆ ప్రభావం జంటను విడదీస్తుంది. ఇనుము ఇంట్లో సంగతి పొరుగింటి నియోడిమియం చెప్పేస్తుందన్నమాట.

కాబట్టి ‘ఆంటీఫెర్రో అయస్కాంత క్రమం’ అనండి. ‘ఫెర్రో’ అన్నా ఇనుమే, ‘అయస్’ అన్నా ఇనుమే. ‘నడిసెంటరు’ లాంటి జోడింపే ఇది, కానీ ఫెర్రో, పారా, డయా అనే అయస్కాంత రకాల తేడాలు కావాలంటే తప్పదు.

‘అరుదైన భూమి’ వద్దు, చదివేవాళ్లు ఎకరాల లెక్క అడుగుతారు. పాత రసాయనశాస్త్రంలో ‘ఎర్త్’ అంటే నీటిలో కరగని, వేడికి లొంగని ఆక్సైడు. క్షారమృత్తిక లోహాలు అని బడిలో చదువుకున్నాం కదా, ఆ మృత్తికే ఇది: ‘విరళ మృత్తిక’. పేరుకే విరళం, వీటిలో ఒకటైన సీరియం భూమి పైపొరలో ఇంచుమించు రాగి అంత దొరుకుతుంది.

‘ఇనుము’ ‘ఇనుప’ అయితే ఆ వస్తువు ఇనుముతో చేసిందనిపిస్తుంది: ఇనుప పెట్టె, ఇనుప గొలుసు. బోరేటు రసాయన సమ్మేళనం, దానికి అది కుదరదు, ‘ఐరన్ బోరేట్’ అనే ఉంచండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో ఒకచోట ‘ఆయస్కాంతం’ అని పడింది. అయస్ + కాంతం కాబట్టి మొదటి అక్షరానికి దీర్ఘం లేదు.