రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: లుకేమియా వైరస్ సోకిన పిల్లిని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మాకు అత్తాపూర్‌లో ఐదు బర్రెల పాడి ఉంది. కొట్టంలో ఎలుకల బెడద తగ్గుతుందని పెంచుకున్న రెండేళ్ల ఆడపిల్లి ‘చుక్క’ మూడు నెలలుగా నీరసపడి బరువు తగ్గింది. చిగుళ్లు పాలిపోయాయి, నోటి నుంచి వాసన వస్తోంది. డాక్టరు స్ట్రిప్ మీద రక్తపు చుక్క వేసి చూసి లుకేమియా వైరస్ ఉందన్నారు. ఎనిమిదేళ్ల మా పాప దాని పక్కనే పడుకుంటుంది. ఎక్కడైనా దూరంగా వదిలేయమని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. అత్తమ్మ రోజూ ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగిస్తున్నారు. ఈ జబ్బు పాపకు, బర్రెలకు, కొట్టంలోని మగపిల్లికి అంటుతుందా? ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు పారాసెటమాల్ వేయవచ్చా? ఇంట్లో ఎలా చూసుకోవాలి?
– ఒక పాడి రైతు, అత్తాపూర్, హైదరాబాద్

జవాబు: చుక్కను దయచేసి ఎక్కడా వదిలిపెట్టకండి. పిల్లుల రక్తాన్ని, నిరోధక శక్తిని దెబ్బతీసే ఈ వైరస్‌ను 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ బృందం గుర్తించింది. అప్పటి నుంచి ఇప్పటివరకు ఇది మనుషులకు సోకి జబ్బు చేసినట్టు ఎక్కడా తేలలేదు. కుక్కలకు, గేదెలకు కూడా ఇది రాదు. పశువులలో లుకేమియా కలిగించే వైరస్ ఒకటి ఉన్న మాట నిజమే గాని, అది వేరే జాతి వైరస్. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన ఒకదాని నుంచి మరొకటి రాదు. అందువల్ల మీ పాప విషయంలో గాని, పాల విషయంలో గాని ఈ వైరస్ గురించి భయపడనవసరం లేదు. వీధిలో వదిలేస్తే మాత్రం, నిరోధక శక్తి లేని చుక్క కొద్ది వారాలలోనే ఏదో ఒక ఇన్‌ఫెక్షన్‌కు బలవుతుంది; ఆలోగా మీ వాడలోని పిల్లులకు వైరస్‌ను అంటించే అవకాశమూ ఉంది.

పాప పక్కన పడుకోవడం గురించి ఒక్క జాగ్రత్త చెబుతాను. నిరోధక శక్తి తగ్గిన పిల్లికి తామర, కడుపులో పురుగులు వంటివి తేలికగా పట్టుకుంటాయి, అవి మనుషులకూ రావచ్చు. డాక్టరు చర్మం చూసి, పురుగుల మందు వేసేదాకా పాప దానితో ఆడుకోవచ్చు, ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పడక మాత్రం వేరుగా ఉండాలి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీటి ధార కింద కడిగి, రేబిస్ టీకా కోసం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దీనికీ లుకేమియాకూ సంబంధం లేదు, ఏ పిల్లి విషయంలోనైనా ఇదే పద్ధతి.

ఇక ఫినాయిల్ ఈ రోజు నుంచే ఆపించండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినవి ఫినాయిల్, పారాసెటమాల్ అన్న ఈ రెండు మాటలే. ఫినాల్ జాతి పదార్థాలను, పారాసెటమాల్‌ను విరిచి బయటకు పంపడానికి మన కాలేయంలో ఉండే ఒక ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు పనిచేయదు. ఫినాయిల్ తడిసిన నేల మీద నడిచిన పిల్లి పాదాలు నాక్కుంటుంది కనుక, రోజూ కొంచెం కొంచెంగా ఆ విషం దాని కడుపులోకి పోతుంది. పారాసెటమాల్ ఇంకా ప్రమాదకరం. మూడు కిలోల పిల్లి ప్రాణం తీయడానికి మనం వేసుకునే ఒక్క మాత్ర చాలు, పిల్లల సిరప్పూ అంతే. అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి, ఉన్న కణాలు కూడా ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. చుక్క చిగుళ్లు పాలిపోయి ఉన్నాయంటే దాని ఒంట్లో రక్తం ముందే తక్కువగా ఉందన్నమాట. ఒకవేళ ఇప్పటికే వేసి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదవడానికి కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నిజానికి ఈ వైరస్‌కు ఇల్లంతా కడగవలసినంత శక్తి లేదు. బయట ఆరిన నేల మీద అది కొన్ని గంటలకు మించి బతకదు, మామూలు సబ్బు నీటికే చచ్చిపోతుంది. గిన్నెలు సబ్బుతో తోమి ఎండబెట్టడం, మలమూత్రాల పళ్లాన్ని పలుచని బ్లీచింగ్ నీటితో కడిగి, మళ్లీ మంచినీటితో తొలిచి ఆరబెట్టడం సరిపోతుంది. పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే మరో జబ్బు వైరస్ ఇంట్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది. రెండు పేర్లూ దగ్గరగా ఉండడంతో చాలామంది ఒకదాని జాగ్రత్తలు మరొకదానికి తీసుకుంటున్నారు. మీ అత్తగారికి ఈ తేడా వివరించండి. ఆమె శ్రమ ఇంటిల్లిపాది మేలు కోసమేనని నాకు తెలుసు.

మీది పాడి ఇల్లు కనుక కొట్టం గురించీ చెప్పాలి. గేదెలకు పిడుదుల కోసం కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులు, కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి తగిలితే వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. మందు కొట్టిన రోజు చుక్కను గదిలోనే ఉంచి, కొట్టం నేల పూర్తిగా ఆరిన తరువాత కూడా దానిని అటు పోనివ్వకండి. అసలు ఇకమీదట చుక్కకు ఎలుకలు పట్టే పని వద్దు. ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. దాణా గదిలో మందు బదులు బోనులు పెట్టుకోండి.

వైరస్ ముఖ్యంగా లాలాజలం ద్వారా అంటుతుంది. ఒకదానినొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కాట్లాడుకోవడం, తల్లి నుంచి పిల్లలకు రావడం దాని దారులు. పిల్లి కూనలు దీనికి తేలికగా లొంగుతాయి, వయసు పెరిగేకొద్దీ తట్టుకునే శక్తి పెరుగుతుంది. మగపిల్లిని ఇప్పుడే విడిగా ఉంచి దానికీ పరీక్ష చేయించండి. ఇప్పుడు లేదని తేలినా, చివరిసారి చుక్కతో కలిసి ఉన్న రోజు నుంచి నెల రోజులు దాటాక మళ్లీ చూడాలి, ఎందుకంటే కొత్తగా సోకిన వైరస్ వెంటనే పరీక్షకు దొరకదు. మన దగ్గర మామూలుగా వేసే ట్రైక్యాట్ టీకా మూడు వేరే జబ్బులకు సంబంధించినది. అది వేయించాం కదా అని ఈ రెండు పిల్లులనూ కలిపి ఉంచకూడదు.

చుక్కకు కూడా మరో పరీక్ష అవసరం. స్ట్రిప్ పరీక్ష వైరస్‌లోని ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, అది అరుదుగా తప్పు కావచ్చు. కొన్ని పిల్లులలో శరీరం వైరస్‌ను రక్తం నుంచి తరిమి, ఎముక మజ్జలోనే నొక్కిపెట్టి ఉంచుతుంది, అలాంటివి ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు స్ట్రిప్ పరీక్ష మళ్లీ చేయించి, వీలైతే వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష కూడా చేయిస్తే చుక్క ఏ కోవలో ఉందో స్పష్టమవుతుంది. జబ్బు గుర్తులు ఇప్పటికే కనిపిస్తున్నాయి కనుక ఫలితం తప్పు అయ్యే అవకాశం తక్కువేనని ముందుగానే చెప్పడం నా బాధ్యత.

అంతకంటే ముందు, ఈ వారంలోనే రక్తకణాల లెక్క తీయించండి. పిల్లి రక్తంలో ఎర్రకణాల శాతం సుమారు 25 నుంచి 45 మధ్య ఉండాలి. అది 15 దగ్గరకు పడితే రక్తం ఎక్కించవలసి రావచ్చు. అదే రక్తంలో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉందేమో చూడమని తప్పక అడగండి. వెంట్రుకల మధ్య దూకుతూ తిరిగే ఫ్లీ పురుగుల ద్వారా వస్తుందని భావించే ఈ జీవి కూడా రక్తహీనత కలిగిస్తుంది, కానీ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రకు లొంగుతుంది. లుకేమియా పేరు వినగానే అన్నీ దాని ఖాతాలోనే వేసి, నయమయ్యే జబ్బును వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. ఆ మాత్ర రాసిస్తే, మింగించిన వెంటనే సూది తీసేసిన సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా తాగించాలి. లేకపోతే మాత్ర గొంతు గొట్టంలో ఆగి అక్కడ పుండు చేస్తుంది.

తిండి విషయంలో పెరుగన్నం, పాలన్నంతో పిల్లి బతకలేదు. దానికి కావలసిన టారిన్ అనే పోషకం మాంసంలోనే ఉంటుంది. అన్ని పోషకాలూ ఉన్న క్యాట్ ఫుడ్ ముఖ్య ఆహారంగా ఇచ్చి, ఉడికించిన కోడిమాంసం, ముళ్లు తీసి ఉడికించిన చేప, ఉడికిన గుడ్డు దానికి తోడు చేయండి. ఉల్లి, వెల్లుల్లి ఎర్రకణాలను పగలగొడతాయి కనుక మన కూరలోని ముక్క కడిగి పెట్టినా పనికిరాదు. పచ్చిమాంసం, పితికిన పచ్చిపాలు వద్దు. ఆరోగ్యమైన పిల్లి తట్టుకునే సూక్ష్మజీవులను చుక్క తట్టుకోలేదు. నోటిలో పుండ్లు ఉన్నట్టున్నాయి, అందుచేత తిండిని మెత్తగా చేసి గోరువెచ్చగా పెడితే వాసన తగిలి తినబుద్ధి పుడుతుంది. చిగుళ్లకు ఉప్పు, పసుపు రుద్దకండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు చెప్పండి. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణాంతకమవుతుంది.

గాలి, వెలుతురు వచ్చే ఒక గది చుక్కకు కేటాయించి, కిటికీలకు జాలి వేయించండి. ఏప్రిల్, మే నెలల ఎండలకు రేకుల గది పనికిరాదు. మలమూత్రాల ఇసుకను రోజూ తీసివేయాలి, గర్భిణులు ఆ పని చేయకూడదు. వారానికి ఒకసారి ఒకే త్రాసు మీద తూచి కాగితం మీద రాసుకోండి. మూడు కిలోల పిల్లి 150 గ్రాములు తగ్గిందంటే కంటికి తెలియదు గాని, డాక్టరుకు అది పెద్ద కబురు. పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 దాటుతూ ఉంటే రక్తహీనత పెరగడమో, ఛాతీలో గడ్డ గాని నీరు గాని చేరడమో కారణం కావచ్చు. ఒంటి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది కనుక మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. థర్మామీటరుతో చూసి 103 దాటితేనే జ్వరంగా భావించి ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వైరస్‌ను పూర్తిగా తొలగించే మందు లేదు. జిడోవుడిన్ అనే మందును కొన్ని పిల్లులకు వాడతారు, అయితే అది రక్తాన్ని మరింత తగ్గించగలదు కనుక డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఎవరైనా వేయబోతే ముందు ఈ జబ్బు సంగతి చెప్పండి, టీకాలు వేసే ముందు కూడా చెప్పండి. తిప్పతీగ వంటివి ఈ వైరస్‌ను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు, వాటి మీద పెట్టే డబ్బు రక్తపరీక్షకు పెట్టండి. రక్తం కుదుటపడ్డాక గర్భసంచి ఆపరేషన్ చేయించడం మంచిది. కూనలు పుడితే కడుపులోనే వైరస్‌తో పుట్టవచ్చు, ఎదకు వచ్చిన ప్రతిసారీ వీధి పిల్లులు గుమ్మం దాకా వస్తాయి.

ఎంతకాలం బతుకుతుందని మీరు అడగలేదు గాని, ఆ ప్రశ్న మనసులో ఉండే ఉంటుంది. వైరస్ రక్తంలో నిలిచిపోయిన పిల్లులలో చాలా వరకు నిర్ధారణ తరువాత రెండు మూడేళ్లలో చనిపోతాయి. చుక్కకు లక్షణాలు మొదలయ్యాయి కనుక ఆ కాలం ఇంకా తగ్గవచ్చు. అయినా తింటూ, ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుంటూ, పాప పిలిస్తే తల ఎత్తి చూస్తున్నంత కాలం దాని జీవితం దానికి బాగానే ఉన్నట్టు. మందులు వేసినా తినలేక, ఊపిరి అందక బాధపడే రోజు వస్తే, నొప్పి లేకుండా సాగనంపడం గురించి డాక్టరుతో మాట్లాడడంలో తప్పు లేదు.

మీకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దగ్గరే. పాత పరీక్ష కాగితం, మీరు రాసిన బరువుల కాగితం వెంట తీసుకుని, చుక్కను గుడ్డ కప్పిన బుట్టలో తీసుకురండి. మగపిల్లిని మరో రోజు, మరో బుట్టలో తీసుకురండి.