ఇరవై టూల్స్ నేర్పే కోర్సుకు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయిపోవచ్చింది. జర్నలిజమే చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. రెండేళ్ల పీజీలో సీటు వచ్చేలా ఉంది. తనేమో ‘అక్కడ ఇంకా పాత పద్ధతులే చెబుతారు, ఆరు నెలల్లో ఇరవై డిజిటల్ టూల్స్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఉంది, అది చాలు’ అంటోంది. దాని ఫీజు కూడా తక్కువేం కాదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి మాటలో సగం నిజం ఉందండీ. చాలాచోట్ల జర్నలిజం సిలబస్ న్యూస్‌రూమ్ కన్నా కొన్నేళ్లు వెనకే నడుస్తుంది. నా పేచీ రెండో సగంతోనే. ‘ఇరవై టూల్స్’ అన్నది ప్రకటనలో చూడ్డానికి బాగుంటుంది. అందులో మూడేళ్లకు ఎన్ని బతికుంటాయి? సోషల్ మీడియా పోస్టులను ఏరి ఒక కథనంగా గుచ్చడానికి ఒకప్పుడు విలేకరులు స్టోరిఫై వాడేవారు. 2018లో అది మూతపడింది. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టు ఎలా పాకుతోందో చూపించే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో ఆపేసింది. ఏ బటన్ ఎక్కడుందో కంఠతా పట్టినవాళ్ల దగ్గర ఇప్పుడు సర్టిఫికెట్లు మాత్రం ఉన్నాయి.

అసలు పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. వార్తలు దిద్దే డెస్క్‌కు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. సగం నీళ్లలో మునిగిన బస్సు, కింద ‘ఈ రోజు పొద్దున’ అని రాసుంది. చేతిలో పావుగంట టైముంది. టూల్ మాత్రమే నేర్చుకున్న పిల్ల ఫొటో ఎప్పుడు, ఎక్కడ తీశారో చూద్దామని మెటాడేటా సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది. అందులో ఏమీ ఉండదు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలన్నీ దారిలోనే రాలిపోతాయి. పని నేర్చుకున్న పిల్ల ముందు ఫోన్ అందుకుంటుంది. ‘మీరే తీశారాండీ? అయితే అదే ఫొటో డాక్యుమెంట్‌గా పంపండి’ అంటుంది. అలా వస్తే వివరాలు నిలుస్తాయి. ‘నాకూ ఎవరో పంపారమ్మా’ అని జవాబొస్తే అప్పుడు రివర్స్ ఇమేజ్ సెర్చ్, అంటే ఆ ఫొటోనే ఇచ్చి ఇంటర్నెట్‌లో ఇంకెక్కడైనా ఉందేమో వెతకడం, మొదలవుతుంది. గూగుల్ లెన్స్‌లో పడకపోతే టిన్‌ఐ అనే సైట్‌లో వెతకాలి. అక్కడ పాతవి ముందు చూపించమంటే, ఆ ఫొటో ఎప్పుడో ఇంకో వరదకు వాడినదైతే బయటపడొచ్చు.

ఏదీ దొరకలేదనుకోండి. ఫొటో కొత్తదే అని అర్థమా? కాదు, ఆ సెర్చ్‌కు చిక్కలేదని, అంతే. ఈ ఒక్క ముక్క ఏ టూలూ చెప్పదు, పక్క కుర్చీలో ఉన్న సీనియర్ చెప్పాలి. ఆపైన బస్సు మీది రూటు నంబరు, దుకాణం బోర్డు మీది అక్షరాలు, గూగుల్ మ్యాప్స్ స్ట్రీట్ వ్యూలో అదే మలుపు ఉందో లేదో, ఎండ ఉంటే నీడ పడిన దిక్కు చూడాలి. నీడను చెప్పిన వేళతో సరిచూడటానికి సన్‌కాల్క్ అనే సైట్ ఉంది. పావుగంటలో తేలకపోతే ఫొటో లేకుండానే వార్త వెళ్లాలి. అన్నిట్లోకీ ఇదే కష్టం. పక్క సైట్ అప్పటికే ఆ ఫొటో పెట్టేసి ఉంటుంది, పైనుంచి ఒకరు ‘మనదెక్కడ?’ అని అరుస్తుంటారు.

మరి టూల్స్ అక్కర్లేదా? బాగా అక్కర. 1967 జులైలో అమెరికాలోని డెట్రాయిట్ అల్లర్లలో 43 మంది చనిపోయారు. చదువూ సంధ్యా లేనివాళ్లే ఆ పని చేశారని చాలామంది అనుకున్నారు. ఫిలిప్ మేయర్ అనే విలేకరి డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక కోసం అల్లర్లు జరిగిన పేటల్లో సర్వే చేయించి, జవాబులను కంప్యూటర్‌కు ఎక్కించాడు. కాలేజీ గడప తొక్కినవాళ్లూ, బడి మధ్యలో మానేసినవాళ్లూ ఇంచుమించు సమానంగానే పాల్గొన్నారని తేలింది. ఆ పద్ధతులు ఆయన హార్వర్డ్‌లో విలేకరులకిచ్చే నీమన్ ఫెలోషిప్ మీద అప్పుడే నేర్చుకుని వచ్చాడు. ఆ అల్లర్ల కవరేజీకి ఆ పత్రికకు 1968లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ కంప్యూటర్‌ను ఇప్పుడు మ్యూజియంలో వెతుక్కోవాలి. ‘అందరూ అనుకుంటున్నది నిజమేనా?’ అన్న ఆయన ప్రశ్నకు మాత్రం రోజూ పని ఉంది.

ఇరవైలో ఒకటే ఎంచుకోమంటే నేను స్ప్రెడ్‌షీట్ అంటాను. ఎవరూ దాన్ని ప్రకటనలో పెద్దక్షరాల్లో వేయరు లెండి. ఏదో ఆఫీసు ఇచ్చిన ఖర్చుల పట్టికలో ఒకే కాంట్రాక్టరు పేరు మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది. 03-04 అన్నది మార్చి నాలుగో తేదీయో, ఏప్రిల్ మూడో తేదీయో రాసినవాళ్లకే తెలియాలి. అడుగున ‘మొత్తం’ అన్న వరస ఉంటే, దాన్నీ కలిపి కూడేసి ఖర్చు రెట్టింపైందని హెడ్డింగ్ పెట్టేస్తారు. ఈ మూడూ పట్టుకోగలిగితే చార్టు గీయడం డేటార్యాపర్ అనే సైట్‌లో ఒక మధ్యాహ్నం పని.

ఏఐ గురించి కూడా మీ అమ్మాయి అడుగుతుంది. ఇంటర్వ్యూ ఆడియోను అక్షరాల్లోకి మార్చడానికి వాడుకోమనండి, పేర్లూ అంకెలూ మాత్రం మళ్లీ విని దిద్దుకోవాలి. ఎవరో నమ్మి ఇచ్చిన కాగితాలను చాట్‌బాట్‌లో పెట్టకూడదు. అన్ని ఖాతాలకూ రెండంచెల లాగిన్ మొదటి రోజే పెట్టుకోవాలి.

టూల్స్ ఉచితంగా నేర్పేవాళ్లు ఉన్నారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఉన్న నైట్ సెంటర్ అనే జర్నలిజం శిక్షణ సంస్థ విలేకరుల కోసం ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. గూగుల్ న్యూస్ ఇనీషియేటివ్ పాఠాలకూ ఫీజు లేదు. ఊరికే దొరికేదానికి డబ్బు కట్టడమెందుకు? మీరు డబ్బు కట్టాల్సింది కాపీని, అంటే రాసిచ్చిన వార్తను, ఎర్ర పెన్నుతో గీకి ‘ఇది నీకెవరు చెప్పారు?’ అని అడిగే మనిషి ఉన్నచోట. నా దగ్గరికి ఒక కుర్రాడు పదకొండు సర్టిఫికెట్లతో వచ్చాడు. నువ్వు రాసిన వార్త ఒక్కటి చూపించమంటే ఫోన్ తీసి చాలాసేపు వెతికాడు, పాపం.

అందుకని పీజీ సీటు వదులుకోవద్దు. అయితే చేరేముందు ఆ కాలేజీలో విద్యార్థులు నడిపే పత్రికో సైటో ఉందా, అందులో తప్పు వస్తే సవరణ వేస్తారా అని కనుక్కోండి. పాత సవరణలు చూపించమని అడగండి. ‘మా దగ్గర తప్పులే రావు’ అంటే అనుమానించండి. ఈలోగా ఉచిత కోర్సు ఒకటి చేయించండి. ఒక ఫొటో నిజమో కాదో తేల్చిన తీరు, ఒక పట్టిక నుంచి తీసిన చిన్న వార్త, ఎక్కడెక్కడ పొరబడిందో రాసుకున్న నోట్సు, ఈ మూడూ తన పేరు మీద ఒకచోట పెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అవి పనికొస్తాయి. ఇది మొదట్లో జీతాలు గొప్పగా ఉండే వృత్తి కాదు. లెక్క సరిచూసే అలవాటున్న పిల్లకు రీసెర్చ్ సంస్థల్లోనూ చోటు దొరుకుతుంది.

అప్పటికీ ఆరు నెలల కోర్సే అని పట్టుబడితే, ఆ సంస్థకు తన చేతే ఒక మెయిల్ పెట్టించండి: ‘మా కాపీ ఎవరు దిద్దుతారు, వారానికి ఎన్నిసార్లు?’ ఏం జవాబిచ్చారో చూసి నాకు మళ్లీ రాయండి.